ఆకుపచ్చ ఇంటికి ఎర్రబండి

గురువారం ఉదయం ఆర్డిత్ సోల్‌హైమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెద్దూరు వెళ్ళాలి. పోయిన భర్త పేరుమీద వచ్చిన కొత్త మంచుబండిని, అదే స్నోమొబైల్‌ని, తీసుకోవాలి. దారిలో పిండి, వెన్న కొనుక్కుని మధ్యాహ్నం భోజనం వేళకి ఇల్లు చేరాలి. ఆ బండిని ఎవరికైనా అమ్మిపెట్టమని భర్త స్నేహితుడు వెర్లిన్‌కి చెప్పాలి. అంతే. ఏడవడం ఆ పథకంలో లేదు. అక్టోబరులో అతను పోయినప్పటినుంచి ఆమె ఏడుపుకి వేరే వేళ పెట్టుకుంది. తెల్లవారుజామున, కాఫీ మరిగేలోపు.

ముందురోజు వచ్చిన ఫోనుతో మొదలైంది ఇదంతా.

"గేలన్ సోల్‌హైమ్ గారున్నారా అండీ?" అని అడిగింది ఎవరో అమ్మాయి, హుషారుగా.

"లేరు."

"ఎప్పుడొస్తారు?"

ఆర్డిత్ కాసేపు ఆలోచించింది. "చెప్పలేదు" అంది.

"పోయిన వసంతంలో ఆయన ఆర్డరిచ్చిన బండి వచ్చిందని చెప్పండి. ఈసారి కాస్త ఆలస్యమైంది. ఏమీ అనుకోవద్దనండి."

"ఏమీ అనుకోరు" అంది ఆర్డిత్. "నేనే వచ్చి తీసుకెళ్తాను."

గేలన్ కొత్త బండికి ఆర్డరిచ్చాడని ఆమెకి అప్పటిదాకా తెలియదు. మధ్యాహ్నం డబ్బాలో ఏం తిన్నాడో, ఏం మిగిల్చాడో కూడా వచ్చి చెప్పే మనిషి, ఇంత సంగతి చెప్పకుండా వెళ్ళిపోయాడు. సరేలే, చెబుదామనుకునే లోపే గుండె ఆగిపోయి ఉంటుంది అనుకుంది.

అమెరికాలో మోంటానా కొండల్లో ఉన్న టామరాక్ ఫోర్క్ అనే ఆ ఊళ్లో మనిషి ఏ చర్చికి వెళ్తాడో ఎవరికీ పట్టదు. ఏ రంగు బండెక్కుతాడన్నదే ముఖ్యం. కొండలెక్కే మంచుబండ్లు చేసే పెద్ద కంపెనీలు మూడుంటే, వాటి పేర్లు ఊళ్లో ఎవరూ పలకరు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. అంతే. పెళ్లి సంబంధాలు కూడా ఆ లెక్కనే చూస్తారని బయటివాళ్లు వేళాకోళం చేస్తారు గానీ అందులో వేళాకోళం పాలు తక్కువ. గేలన్ ముప్పై ఏళ్లపాటు ఆకుపచ్చవాళ్లకి పెద్దదిక్కు. ఇంటి తలుపు ఆకుపచ్చ, ఉత్తరాల డబ్బా ఆకుపచ్చ, పడవ ఆకుపచ్చ. ఒకసారి పెళ్లిరోజుకి ఆర్డిత్ తెలియక ఎర్ర స్వెటరు అల్లి ఇస్తే, ఆమె మనసు నొప్పించకూడదని దాన్ని వేసుకుని, ఎవరూ చూడకూడదని పైన కోటు గుండీలు గడ్డందాకా పెట్టుకుని, రోజంతా ఉక్కతో చచ్చాడు.

అందుకని పెద్దూళ్లో ఆర్డిత్ నేరుగా ఆకుపచ్చ దుకాణానికే వెళ్ళింది. అక్కడి మనిషి కంప్యూటరంతా వెతికి తల అడ్డంగా ఊపాడు.

"గేలన్ పేరుమీద ఏమీ లేదండీ. ఈ ఏడాది రాలేదేమిటా అని మేమే అనుకుంటున్నాం."

ఆర్డిత్ సంచిలోంచి ఫోను తీసి, నిన్న వచ్చిన నంబరుకి చేసింది. "నేను దుకాణంలోనే ఉన్నానమ్మా. నువ్వెక్కడున్నావు?"

"నేనూ దుకాణంలోనే ఉన్నానండీ. మీరు కనపడ్డం లేదే! ఉండండి, కిటికీ దగ్గరికొస్తా."

రోడ్డుకి అవతలి పక్కన, ఎర్ర అక్షరాల బోర్డు కింద, కిటికీలోంచి ఒక అమ్మాయి చెయ్యూపుతూ కనపడింది. ఆర్డిత్ చెయ్యెత్తబోయి, వెనక ఆకుపచ్చ దుకాణంవాడు చూస్తున్నాడని గుర్తొచ్చి, ఆ చేత్తో జుట్టు సర్దుకుంది.

ఆ అమ్మాయి పేరు ట్రూడీ. బండి దగ్గరికి తీసుకెళ్లి ముసుగు తీసింది. ఎర్రగా, మిసమిసలాడుతూ, సిగ్గు ఎగ్గూ లేకుండా నిలబడి ఉంది బండి.

"పొరపాటేమో" అంది ఆర్డిత్ నీరసంగా.

"లేదండీ. ఆయనే వచ్చి, దగ్గరుండి ఎంచుకున్నారు. ఇంజను లేపడానికి తాడు లాగక్కర్లేదు. ఇదిగో, ఈ బొత్తాం నొక్కితే చాలు."

ఆర్డిత్ ఆ బొత్తాం వంకే చూసింది. ముప్పై ఏళ్లు తాడు లాగి బండి లేపిన మనిషి, బొత్తాం నొక్కే బండి ఎందుకు కొన్నాడు? అప్పటికే ఛాతీలో నొప్పి మొదలైందా? తాడు లాగలేకపోయాడా? అది ఎవరికీ తెలియకూడదని శత్రువు కొట్టుకి చాటుగా వచ్చాడా? ఆమె అడగలేదు. అడిగితే ఆ అమ్మాయి ఏం చెబుతుందోనని భయమేసింది.

"వెనక్కి తీసుకుంటారా?"

"మనిషి కోసం ప్రత్యేకంగా చేయించినవి తీసుకోరండీ. అయినా, ఆయన చాలా ముచ్చటపడ్డారు. ఆయన రాలేకపోయారా?"

"రాలేడు" అంది ఆర్డిత్. "ఒక టార్పాలిన్ ఉంటే ఇవ్వమ్మా. పెద్దది."

బండిని తన కారుకి తగిలించిన ట్రెయిలరు మీదికెక్కించి, కొసలు కనపడకుండా, అటువైపు చూడనైనా చూడకుండా కప్పేసింది. ఇక ఎవరి కంటా పడకుండా గరాజులోకి తోసేస్తే గేలన్ పరువు గేలన్‌తోనే ఉంటుంది.

కనుమ మీదికి వచ్చేసరికి గాలి లేచింది. అద్దంలో చూస్తూ ఉండగానే టార్పాలిన్ ఒక మూల విడిపోయి, ఉబ్బి, మొత్తం లేచి, కాసేపు రోడ్డు వెంబడే పరుగెత్తుకొచ్చి, తర్వాత ఏమనుకుందో అడవిలోకి వెళ్లిపోయింది. ఆర్డిత్ ఆపలేదు. ఆ రోడ్డు మీద కారు ఆపితే వెనకొచ్చే ప్రతివాడూ సాయానికి ఆగుతాడు. అక్కడి మనుషుల్లో ఉన్న చెడ్డ గుణం అదొక్కటే.

కానీ ఊరి మొదట్లో పెట్రోలు అయిపోవచ్చింది. బంకు దగ్గర ఆగితే, పక్కనే తన పికప్పులో పెట్రోలు పోసుకుంటూ వెర్లిన్ ఓక్స్. గేలన్‌కి ప్రాణ స్నేహితుడు. గేలన్ తర్వాత ఊళ్లో ఆకుపచ్చవాళ్లకి పెద్ద అతనే.

"ఏంటది ఆర్డిత్?"

"ఏది?"

"అదే, వెనకాలది."

ఆర్డిత్ వెనక్కి తిరిగి, మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "అదా? బండి."

"బండని తెలుస్తోందిలే. ఎర్రగా ఉందేం?"

ఆమె జీవితంలో అబద్ధాలు ఆడింది తక్కువ. అలవాటు లేనివాళ్లు అబద్ధమాడితే అవసరానికి మించి పెద్దది ఆడతారు. "నాది కాదు వెర్లిన్. కొనేముందు నడిపి చూడమని ఇచ్చారు. నేను... పోల్చి చూస్తున్నా."

"దేన్ని దేంతో?"

"అన్నిటినీ. అన్ని కంపెనీలవీ."

వెర్లిన్ టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. అతని మొహంలో ఏదో వచ్చి పోయింది. కోపమే అనుకుంది ఆర్డిత్. "అంటే, నువ్వు కొండెక్కుతావా?"

"ఎక్కకూడదా?"

"ఎక్కు, ఎక్కు. ఎవరొద్దన్నారు? కానీ గేలన్ భార్యవి, ఆకుపచ్చది చూడకుండా ఇంకోటి చూస్తే ఊరు నన్ను బతకనిస్తుందా? రేప్పొద్దునకల్లా నీ వాకిట్లో ఉంటుంది నా బండి."

పెట్రోలు పోసుకున్న సంగతి మరిచిపోయి అతను మూత పెట్టకుండానే వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం మార్వెల్ హోటల్లో ఈ వార్త వేడివేడిగా వడ్డించారు. మార్వెల్ ఆ ఊరి ఏకైక హోటలుకి యజమానురాలు. ఆమె దగ్గర వార్త ఎప్పుడూ వచ్చినట్టు బయటికి పోదు. ఆర్డిత్ బండ్లు పోల్చి చూస్తోందన్న మాట రెండు బల్లలు దాటేసరికి, ఆర్డిత్ పోటీ పెడుతోందని అయింది. తలుపు దాటేసరికి, గెలిచిన రంగునే కొంటుందని అయింది. సాయంత్రానికి అది గేలన్ ఆఖరి కోరికని తేలింది. ఆర్డిత్ ఫోను చేసి, "అలాంటిదేమీ లేదు మార్వెల్" అని చెబితే, "నాకు తెలుసమ్మా, పైకి చెప్పుకోలేవు" అని మార్వెల్ ఫోనులోనే కళ్లు తుడుచుకుంది.

శుక్రవారం పొద్దున ఆర్డిత్ కాఫీ పెట్టుకుని ఏడుద్దామని కూర్చునేసరికి, వాకిట్లో వెర్లిన్ తన ఆకుపచ్చ బండి దించుతున్నాడు. అది దింపడం అయ్యేలోపే పసుపు బండితో ఆర్లో దిగాడు. ఆర్లో పసుపువాళ్లలో పెద్ద నోరున్నవాడు. మనిషి పొట్టి, మాట పొడుగు.

"చూడు ఆర్డిత్, నీకు మంచి చెడ్డా చెప్పేవాళ్లు లేరని వచ్చా" అని మొదలెట్టాడు. "పసుపుదానికి పైకి పోయినా దమ్ము తగ్గదు. పదివేల అడుగుల మీద గాలి పల్చబడితే వీడి ఆకుపచ్చది ముసలి గుర్రంలా రొప్పుతుంది."

"రొప్పేది బండి కాదురా, నీ చెవులు" అన్నాడు వెర్లిన్. "ఆర్డిత్, బరువు చూడు. ఆకుపచ్చది తేలిక. మంచులో కూరుకుపోయినా ముక్కు పట్టుకుని పక్కకి లాగితే వచ్చేస్తుంది. వీడిది కూరుకుపోతే వసంతంలో మంచు కరిగేదాకా ఆగాలి."

"తేలికే. ఎందుకంటే సగం భాగాలు దారిలోనే రాలిపోతాయి!"

"మరి ఎర్రది?" అంది ఆర్డిత్ మెల్లిగా.

ఇద్దరూ ఒకేసారి నేలచూపులు చూశారు. ఎర్రదాన్ని తిట్టడంలో ఏకమవుతారని ఆమె అనుకుంది. గేలన్ ఉంటే ఈపాటికి తిట్లు కొండలు దాటేవి.

"ఎర్రది... ఎర్రగా ఉంటుంది" అన్నాడు వెర్లిన్ చివరికి.

"అవును, బాగా ఎర్రగా" అన్నాడు ఆర్లో.

ఇంత వింత సమాధానం మీద ఆలోచించే తీరిక ఆర్డిత్‌కి దొరకలేదు. మార్వెల్ ఫోను చేసింది. శనివారం లాంగ్ మెడో మైదానంలో అందరూ కలుస్తున్నారట. చిల్లీ అనే బీన్సు-మాంసం కూర తను వండుతుందట. దాంతోపాటు తినడానికి దాల్చినచెక్క రొట్టెలు మాత్రం ఆర్డిత్ చెయ్యాలట. న్యాయం చెప్పేది కూడా ఆర్డితే.

ఆ రాత్రి ఆమె పిండి పిసుకుతూ ఆలోచించింది. ఒకప్పుడు గేలన్ వెనక కూర్చుని తనూ కొండెక్కేది. తర్వాత్తర్వాత కొండబండ్లు తేలికపడుతూ వచ్చాయి. బరువు తగ్గించడం కోసం కంపెనీలన్నీ ముందు తీసేసింది వెనక సీటునే. అప్పటినుంచి గేలన్ ఒక్కడే వెళ్లేవాడు, ఆమె రొట్టెలు చేసి పంపేది. ఇద్దరూ దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి అందులో ఏముంది? బండి మారింది, అంతే.

శనివారం లాంగ్ మెడోకి ఊరు ఊరంతా వచ్చింది. ఆర్డిత్ కూడా ఎర్రబండిని ట్రెయిలరు మీద వేసుకురాక తప్పలేదు. పోల్చి చూడాలి కదా! మైదానం మొదట్లో రెండు చెట్ల మధ్య గుడ్డ కట్టి, దానిమీద పెద్ద అక్షరాలతో రాశారు: గేలన్ సోల్‌హైమ్ స్మారక పోటీ. అది చూసి ఆర్డిత్ రొట్టెల పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏడుపుకి పెట్టుకున్న వేళ కాదది.

ఆ పక్కనే ఇంకో మనిషి కూడా ఆ అక్షరాలు చదువుతూ నిలబడిపోయింది. ట్రూడీ. ఎర్రవాళ్ల తరఫున తన బండితో సహా పెద్దూరి నుంచి పిలిపించారు.

"స్మారకమా?" అంది ట్రూడీ. మొహం పాలిపోయింది. "మీరు... ఎప్పుడొస్తారంటే చెప్పలేదన్నారు. నేనేమో ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దనండి అని..."

"నిజంగానే ఏమీ అనుకోరమ్మా" అంది ఆర్డిత్, ఆ పిల్లని చెట్టు చాటుకి లాగుతూ. "నాకో సాయం చెయ్యి. ఆ బండి ఆయన కొన్నాడని ఇక్కడ ఎవరితోనూ అనకు. నీకు పుణ్యముంటుంది."

ట్రూడీ తలూపింది. ఆర్డిత్ ఊపిరి పీల్చుకుని ఇటు తిరిగేసరికి, వెర్లిన్ ట్రూడీని ఇంకో చెట్టు చాటుకి లాక్కెళ్లి, వేలు చూపిస్తూ ఏదో గట్టిగా చెబుతున్నాడు. అతను వెళ్లాక ఆర్లో వచ్చి మూడో చెట్టు చాటుకి తీసుకెళ్లాడు. పాపం పరాయి ఊరి పిల్లని బెదిరిస్తున్నారు అనుకుంది ఆర్డిత్. మూడో చెట్టు చాటునుంచి వచ్చిన ట్రూడీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. పోటీ అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

పోటీ చాలా సులువైంది. మైదానం అవతల చిన్న గుట్ట ఉంది. దాని మీదికెక్కి, ఒక చుట్టు తిరిగి రావాలి. ముందు ఆర్లో బయల్దేరాడు. పసుపు బండి మంచుని పొగలా చిమ్ముతూ గుట్ట సగం దాకా ఎగబాకింది. అక్కడ ఆర్లో అందరికీ చెయ్యూపాడు. ఊపిన చెయ్యి హ్యాండిల్ మీదికి వచ్చేలోపు బండి ముక్కు కిందకి దిగి, తోకదాకా మంచులో మునిగింది. ఆర్లో నడుందాకా మునిగాడు. మనిషి పొట్టి కాబట్టి మిగిలింది తక్కువే.

"చెప్పానా!" అని అరిచాడు వెర్లిన్ సంతోషం పట్టలేక. "ఉండరా, వస్తున్నా!"

అతను తాడు లాగాడు. ఆకుపచ్చ బండి దగ్గింది. మళ్లీ లాగాడు. మళ్లీ దగ్గింది. ఊరంతా చూస్తోంది. వెర్లిన్ కోటు విప్పి, అంగీ చేతులు మడిచి, దేవుడితో ఏదో అని, ఇంకోసారి లాగాడు. బండి లేచింది. అదే ఊపులో గుట్టెక్కి, ఆర్లో దగ్గర ఆగాడు. మెత్తటి మంచులో ఎక్కుతూ మధ్యలో ఆగకూడదన్నది అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ఆకుపచ్చ బండి నెమ్మదిగా, మర్యాదగా, పసుపుదాని పక్కనే మునిగింది.

ట్రూడీ ఒక చెయ్యి నోటిమీదే ఉంచుకుని, ఒంటిచేత్తో వాళ్ల సాయానికి బయల్దేరి, దారిలోనే ఒక గుంటలోకి దిగిపోయింది. అలా మూడు కంపెనీల మధ్యా ఆ రోజు ఏ తేడా లేకుండా పోయింది. కింద జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆర్డిత్ కూడా నవ్వింది. అక్టోబరు తర్వాత అదే మొదటిసారి.

ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. పైన బండి చుట్టూ మంచు తవ్వుతున్న వెర్లిన్ పార కింద పడేసి, మంచులో కూలబడి, ఎడమ భుజం పట్టుకున్నాడు. తల వాల్చేశాడు.

గరాజులో గేలన్ కూడా అలాగే కూలబడ్డాడు. ఆమె చేతులు తుడుచుకుని వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

ఆర్డిత్ పరుగెత్తింది. ట్రెయిలరు మీదున్న ఎర్రబండెక్కి బొత్తాం నొక్కింది. నొక్కగానే లేచింది అది, ఆమె కోసమే కాచుక్కూర్చున్నట్టు. ఎప్పుడూ వెనకే కూర్చున్న మనిషి, ముందు కూర్చుని ఏం చెయ్యాలో ఆలోచించలేదు. గేలన్ భుజం మీదుగా ఏళ్ల తరబడి చూసిందంతా చేతుల్లోకి వచ్చింది. ఎక్కడా ఆపకుండా, ఆర్లో తవ్విన గుంట పక్కనుంచి ఒరిగి, వెర్లిన్‌ని దాటి, చదునుగా ఉన్నచోట నిలిపి, దూకి, మంచులో పడుతూ లేస్తూ అతని దగ్గరికి వచ్చింది.

"వెర్లిన్! నొప్పెక్కడ? ఛాతీలోనా? మాట్లాడు!"

"భుజం... ఆ తాడు..." అన్నాడు వెర్లిన్ రొప్పుతూ. "భుజం పట్టేసింది. చావడంలేదులే. ఎందుకలా ఏడుస్తున్నావు?"

ఆర్డిత్ అతని పక్కనే మంచులో కూలబడింది. ఇక దాచుకోవడానికి ఆమెలో శక్తి లేదు.

"ఆ ఎర్రబండి గేలన్‌ది, వెర్లిన్. తనే కొన్నాడు. తాడు లాగలేక, బొత్తాం బండి కొన్నాడు. నొప్పి ఉండే ఉంటుంది. నాకు చెప్పలేదు. నీకూ చెప్పలేదు. పరువు పోతుందని నేనీ అబద్ధమంతా ఆడాను. నాకు ఒక్కమాట చెప్పుంటే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లేదాన్ని కదా!"

వెర్లిన్ రొప్పడం మానేశాడు. "నొప్పా? ఏ నొప్పి? నీకలా అనిపించిందా ఇన్నాళ్లూ?" అన్నాడు. "ఓసి పిచ్చిదానా. బొత్తాం తన కోసం కాదు. తాడు నీ చేతికి లొంగదని. ఆ బండి నీకోసం."

ఆర్డిత్ అతని వంక చూసింది.

"వెనక సీటు చూడలేదా నువ్వు? కొండబండికి రెండో సీటు బిగించి ఇచ్చేది ఇప్పుడు ఆ ఎర్రవాళ్లొక్కళ్లే. పోయిన చలికాలమంతా మూడు కంపెనీలవీ పోల్చి చూశాడు వాడు. ఆకుపచ్చదానికే ఎలాగైనా సీటు తగిలిద్దామని నా బండి మీద ఒక పరుపుముక్క కట్టి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని అడవంతా తిప్పాడు. వాడి నడుం పట్టుకుని, ఇంత లావు మనిషిని నేను! రెండుసార్లు కింద పడ్డాను. ఆఖరికి, 'ఎర్రదే కొనాలిరా, ఏం చేస్తాం' అని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మొదటి మంచు పడ్డాక నీకు చూపిద్దామనుకున్నాడు. కొన్నాళ్లు నిన్ను వెనక కూర్చోబెట్టుకుని, తర్వాత నీకే హ్యాండిలిచ్చి తను వెనక కూర్చుంటాడట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. వాడు పోయాక ఆ ఒట్టు ఉన్నట్టో లేనట్టో నాకు తెలియలేదు. నువ్వేమో పోల్చి చూస్తున్నానన్నావు. నీ అంతట నీకే అది నచ్చితే అప్పుడు చెబుదామనుకున్నా."

"మరి ఈ పోటీ?"

"ఓడిపోదామనే వచ్చాను ఆర్డిత్. బండెక్కాక మనసొప్పలేదు."

నడుందాకా మంచులో ఉన్న ఆర్లో ఇదంతా వింటున్నాడు. "ఒరేయ్ వెర్లిన్" అన్నాడు కీచుగా, "నిన్ను కూడా కూర్చోబెట్టాడా?"

"నిన్ను కూడా అంటే?"

"మార్చిలో, నా పసుపుదాని మీద. చెరువు చుట్టూ రెండుసార్లు. 'నీ బరువు ఆర్డిత్ అంత లేదురా, రాళ్లు పెట్టుకో జేబుల్లో' అన్నాడు. పెట్టుకున్నా. నాకొక్కడికే తెలుసని ఒట్టేయించుకున్నాడు!"

"మరి తెలిసీ ఈ పోటీకి ఎందుకొచ్చావురా?"

"నువ్వు వస్తున్నావుగా! నేను రాకపోతే అనుమానం రాదూ?"

కిందనుంచి మార్వెల్ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది, వెనకే ఇంకొంతమంది, వెర్లిన్‌కి ఏమైందోనని. విషయం విని అక్కడే నిలబడిపోయింది. తర్వాత ఏప్రన్‌తో మొహం తుడుచుకుంది. గేలన్ ఆమెనీ కూర్చోబెట్టాడట. ఆడమనిషికి ఆ సీటు మీద కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియాలని, ట్రూడీ దుకాణంలోనే, కదలని బండి మీద. పక్కన నిలబడ్డవాళ్లలో పోస్టాఫీసాయన గొంతు సవరించుకుని, పక్కకి చూశాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

ట్రూడీ గుంటలోంచి లేచి, నోటిమీంచి చెయ్యి తీసింది. "ఇప్పుడు మాట్లాడొచ్చా?" అంది. "ఆయన ఊరుమొత్తాన్ని ఒక్కొక్కళ్లనే తెచ్చి, ఎవరికీ తెలియకూడదని నాతో చెప్పారండీ. నాకు నవ్వాగలేదు అప్పుడు." ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చింది.

ఆర్డిత్ లేచి బండి దగ్గరికి వెళ్లింది. సిగ్గుతో కప్పెయ్యడమే గానీ దాన్ని ఆమె సరిగా చూసింది ఇప్పుడే. వెనక సీటు నిజంగానే ఉంది. పక్కల పట్టుకోవడానికి పిడులు, కాళ్లు ఆన్చుకోవడానికి అంచులు. ఆమె చేతి తొడుగు తీసి, ఆ సీటు మీద పడ్డ మంచు దులిపింది. దులిపాక కూడా కాసేపు దులుపుతూనే ఉంది. ఏ రంగు గెలిచిందని ఎవరూ అడగలేదు.

"గట్టు మీదికి వెళ్తాను" అంది చివరికి. మైదానం దాటాక గట్టు పైదాకా చదును చేసిన దారి ఉంది. గేలన్‌కి ఇష్టమైన చోటది.

"ఒక్కదానివా?" అన్నాడు వెర్లిన్. "నేను రానా? వెనక కూర్చోవడం నాకు అలవాటే."

"వద్దు. నువ్వు బరువు" అంది ఆర్డిత్, మొహం తుడుచుకుంటూ. "వీళ్లకి రొట్టెలు పెట్టు. చల్లారిపోతున్నాయి."

బండి ఫిర్ చెట్ల మధ్యనుంచి మెల్లిగా ఎక్కింది. కింద ఊరివాళ్లు తలెత్తి చూస్తూ నిలబడ్డారు. మలుపు దగ్గర ఒకసారి ఎర్రగా కనపడి, తర్వాత చప్పుడు ఒక్కటే వినపడి, ఆ తర్వాత అదీ లేదు. గట్టు పైన ఆర్డిత్ ఇంజను ఆపింది. చుట్టూ కొండలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఆమె మఫ్లరు సర్దుకుంది, కాలరు పైకి లాక్కుంది, అయినా చలి ఆగలేదు.

ఎప్పుడూ గేలన్ వీపు చాటున వచ్చి వెళ్లిన మనిషికి, ఆ గట్టు మీద ఇంత గాలి వీస్తుందని అప్పుడే తెలిసింది.